పురుగు నోరు చూసి మందు కొనండి: మా కర్నూలు, అనంతపురం చేలల్లో ఏ మందు ఎలా పనిచేస్తుంది

ఆగస్టులో ఆదోనిలో ఏ మందుల అంగడి ముందైనా ఒక అరగంట నిలబడండి. ఒకే మాట పదిసార్లు వినిపిస్తుంది. "పురుగు పడిందప్పా, గట్టి మందు ఇయ్యి." "ఏం పంట?" "పత్తి." అంతే, రెండు డబ్బాలు కౌంటరు మీదికి వచ్చేస్తాయి. ఏ పురుగు, ఆకు పైన ఉందా కింద ఉందా, చెట్టుకు ఎన్ని ఉన్నాయి అని అడిగేవాళ్లు తక్కువ. అడిగితే చెప్పగలిగేవాళ్లు ఇంకా తక్కువ.

నేనూ ఆ బాపతే. కొన్నేళ్ల కింద మా బుడ్డల (వేరుశనగ) చేన్లో లద్దె పురుగు పడింది. పక్క చేను మామ పచ్చదోమకు కొట్టిన ఇమిడాక్లోప్రిడ్ బ్రహ్మాండంగా పనిచేసిందంటే అదే తెచ్చి కొట్టాను. మూడో రోజుకు ఆకుల్లో ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు. మందు నకిలీదని అంగడాయనతో గొడవ పడ్డాను కూడా. మందు మంచిదే. అది రసం పీల్చే పురుగుల మీద పదునైన మందు, ఆకు నమిలే లద్దె పురుగు మీద దాని బలం చాలదు. తప్పు నాది. అప్పటి నుంచి డబ్బా కన్నా ముందు పురుగు నోరు చూడటం అలవాటైంది.

1. ముందు నోరు, తర్వాతే మందు

చేన్లో నష్టం చేసే పురుగులు స్థూలంగా రెండు రకాలు. సూదిలాంటి నోరుతో రసం పీల్చేవి, దవడలతో నమిలేవి. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక, పిండినల్లి మొదటి రకం. తామర పురుగులు ఆకును గీకి, ఊరిన రసం పీలుస్తాయి కాబట్టి వాటినీ ఇందులోనే వేసుకోవచ్చు. లద్దె పురుగు, శనగపచ్చ పురుగు, ఎర్ర గొంగళి, గులాబీ రంగు పురుగు రెండో రకం.

పురుగు కనిపించకపోయినా ఆకు చెబుతుంది. పత్తి ఆకు అంచులు పసుపెక్కి, తర్వాత ఎర్రబడి, దొన్నెలా కిందికి వంగితే పచ్చదోమ. ఆకు మీద జిగురు, దాని మీద మసిలాంటి నల్ల బూజు ఉంటే పేనుబంకో తెల్లదోమో. చిల్లులు, కొరికిన అంచులు, ఆకు మీద రాలిన నల్లటి గుళికల్లాంటి పెంట కనిపిస్తే నమిలే పురుగు.

మిరపలో మాత్రం కొంచెం నిదానించాలి. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, మనవాళ్లు పై ముడత అంటారు. కిందికి తిరగబడి పడవ బోర్లించినట్టుంటే కింద ముడత, అది తెల్లనల్లి పని. నల్లి అసలు పురుగే కాదు, సాలీడు జాతి. ఎనిమిది కాళ్లుంటాయి. మామూలు పురుగుమందుల్లో చాలావాటికి అది లొంగదు. స్పైరోమెసిఫెన్ లాంటి నల్లి మందో, నీటిలో కరిగే గంధకమో కావాలి. పై ముడతా కింద ముడతా అని తేల్చుకోకుండా మూడు రకాల మందు కొట్టి, మిరప ఎకరాకు వేలు పోసినవాళ్లను చూశాను. పరీక్ష చాలా తేలిక. తెల్ల కాగితం పట్టుకుని కొమ్మ చివరను దాని మీద నాలుగుసార్లు తట్టండి. సన్నటి గీతల్లాంటివి రాలి పరుగెత్తితే తామర పురుగులు. 2021లో మిరపను ముంచేసిన నల్ల తామర పురుగు పూలలో దాక్కుంటుంది కాబట్టి పూలను కూడా తట్టి చూడాలి.

2. మందు పురుగుకు ఏ దారిలో చేరుతుంది

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. కింద చిన్న అక్షరాల్లో ఉండేది అసలు మందు పేరు. మనకు కావాల్సింది ఆ చిన్నక్షరాలే. ఒకే మందు పది పేర్లతో దొరుకుతుంది. పేరు మారింది కదా, మందు మారిందనుకుంటే మోసపోతాం.

తగిలితే చంపే మందులను స్పర్శ మందులంటారు. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ లాంటివి. పురుగు ఒంటి మీద పడాలి, లేదా మందు పడిన ఆకు మీద అది నడవాలి. ఆకు అడుగున కూర్చున్న తెల్లదోమ మీదికి పైనుంచి కొట్టిన స్పర్శ మందు చేరదు, గొడుగు కింద ఉన్నవాడి మీద వాన పడనట్టే.

తింటే చంపేవి ఉదర విషాలు. ఆకుతో పాటు కడుపులోకి పోవాలి. ఎమామెక్టిన్ బెంజోయేట్, క్లోరాంట్రానిలిప్రోల్ (మన ఊళ్లలో కొరాజెన్ అనేది దీన్నే) ముఖ్యంగా ఈ దారినే పనిచేస్తాయి. విషపు ఎర కూడా ఇదే సూత్రం. ఎదిగిన లద్దె పురుగు పగలు మట్టి పెళ్లల కింద దూరి రాత్రి తిండికి బయటికొస్తుంది. పగలు ఎంత పిచికారీ చేసినా దానికి తగలదు. అందుకే 5 కిలోల వరి తవుడు, అర కిలో బెల్లం, అర లీటరు క్లోరిపైరిఫాస్ కొద్దిగా నీళ్లతో ఉండలయ్యేలా కలిపి సాయంత్రం సాళ్లలో చల్లుతారు. ఇది ఎకరాకు సరిపోతుంది. ఆ రాత్రి, మర్నాడు కుక్కలు, కోళ్లు, గొర్రెలు చేన్లోకి రాకుండా కాపలా ఉండాలి. మా వైపు గొర్రెల మందలు ఎక్కువ కాబట్టి ముందే కాపరులకు చెప్పి పెట్టుకుంటే మంచిది.

బీటీ పత్తి కూడా ఉదర విషమే. కాకపోతే దాన్ని మనం కొట్టం, చెట్టే తయారు చేసుకుంటుంది. ఆకు, కాయ నమిలే పురుగు కోసం చేసిన విషం అది. పచ్చదోమ, తెల్లదోమల మీద పనిచేయదు. "బీటీ పెట్టినా దోమ వచ్చిందే" అని తిట్టుకునేవాళ్లకు ఇదే జవాబు.

చెట్టు రసంలో కలిసి తిరిగేవి అంతర్వాహిక మందులు. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్, ఎసిటమిప్రిడ్, ఎసిఫేట్, ఫ్లోనికామిడ్ ఈ దారి మందులు. రసం పీల్చే పురుగు ఎక్కడ దాక్కున్నా సూది గుచ్చాక మందు దానికి అందుతుంది. కానీ ఒక మెలిక ఉంది, అనంతపురం రైతులు దాన్ని తప్పక తెలుసుకోవాలి. ఈ మందుల్లో ఎక్కువ భాగం నీళ్లు పైకి పోయే నాళాల్లోనే ప్రయాణిస్తాయి. వేరు దగ్గర వేస్తే చిగురు దాకా పోతాయి. ఆకు మీద కొడితే ఆ ఆకు కొనదాకా పోతాయి కానీ వెనక్కి దిగి, కింది ఆకులకో వచ్చే వారం పుట్టే చిగురుకో చేరవు. పైరు వానలేక వాడి తలవేలాడేసి ఉంటే నీళ్ల ప్రయాణమే మందగిస్తుంది, మందూ అంతే. బెట్టలో మందు పనిచేయలేదంటే సగం కారణం ఇదే. నీళ్లు పెట్టే వసతి ఉంటే తడి ఇచ్చి రెండో రోజు కొట్టండి. లేకపోతే కనీసం పొద్దున ఆకు నిలబడి ఉన్న వేళ కొట్టండి, మధ్యాహ్నం వద్దు.

ఇంకొన్ని మందులు ఆకు పై పొర నుంచి అడుగు పొరకు ఇంకుతాయి, అంతకు మించి తిరగవు. స్పైనోసాడ్, ఎమామెక్టిన్‌కు ఈ గుణం కొంత ఉంది. వేరుశనగలో బెట్ట రోజుల్లో వచ్చే ఆకుముడత పురుగు పొరల మధ్య దూరి తింటుంది, తర్వాత ఆకులను గూడులా కుట్టుకుని లోపల ఉంటుంది. అలాంటివాటికి ఇంకే గుణమున్న మందే అక్కరకొస్తుంది.

ఆవిరై చంపే ఐదో రకం గోదాముల పని. అల్యూమినియం ఫాస్ఫైడ్ గుళికలు శిక్షణ, అనుమతి ఉన్నవాళ్ల పర్యవేక్షణలోనే వాడాలి. ఇంట్లో బుడ్డల మూటల మధ్య పెట్టి అదే గదిలో పడుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

3. లోపలికి పోయాక ఏం చేస్తుంది

పురుగుమందుల్లో చాలా భాగం నరాల మీద దెబ్బ కొడతాయి. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ కుటుంబం సంగతి చూద్దాం. ఒక నరం నుంచి మరో నరానికి కబురు మోసే రసాయనం పని కాగానే ఊడ్చుకుపోవాలి. ఊడ్చే ఎంజైమ్‌ను ఈ మందులు కట్టిపడేస్తాయి. బోరు మోటారు స్టార్టరు ఆన్‌లోనే ఇరుక్కుపోతే కాయిల్ కాలిపోతుందే, అలా పురుగు వణికి వణికి చస్తుంది. మన ఒంట్లోనూ అదే ఎంజైమ్ ఉంది, అందుకే ఈ కుటుంబం మనకూ ప్రమాదం. సైపర్‌మెత్రిన్ కుటుంబం నరంలోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వదు. పురుగు నిమిషాల్లో కింద పడుతుంది. చూడ్డానికి బాగుంటుంది, రైతుకు నచ్చేదీ అందుకే. ఇమిడాక్లోప్రిడ్ కుటుంబం కబురు మోసే రసాయనంలాగే వేషం వేసుకుని దాని కుర్చీలో కూర్చుని లేవదు.

క్లోరాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండియామైడ్ నరాలను వదిలి కండరాల మీద పడతాయి. కండరాల్లోని కాల్షియం నిల్వంతా బయటికి కారిపోయి పురుగు దవడ కదపలేదు. కొద్ది గంటల్లోనే తిండి మానేస్తుంది కానీ చావడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు.

నోవాల్యురాన్, బుప్రోఫెజిన్ లాంటివి మరో తీరు. పిల్ల పురుగు పెరగాలంటే పాత చర్మం విడిచి కొత్తది కట్టుకోవాలి. ఆ కొత్త చర్మానికి కావాల్సిన కైటిన్ తయారు కాకుండా ఇవి అడ్డుపడతాయి. నోవాల్యురాన్ లద్దె పిల్లలకు, బుప్రోఫెజిన్ దోమ పిల్లలకు. ఎదిగిన రెక్కల పురుగును ఇవి చంపవు.

వేప వీటన్నిటికన్నా నిదానం. తినాలనిపించకుండా, గుడ్లు పెట్టనివ్వకుండా, చర్మం విడవనివ్వకుండా చేస్తుంది. 5 కిలోల వేప గింజల పొడిని 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, 100 లీటర్లు చేసుకుంటే 5 శాతం కషాయం. ఎండకు దాని బలం త్వరగా తగ్గిపోతుంది, సాయంత్రం కొట్టాలి. పురుగు మొదట్లో ఉన్నప్పుడు వేపకు సాటి లేదు. చేను సగం తిన్నాక వేప కొట్టి, పనిచేయలేదనడం దాని తప్పు కాదు.

4. విత్తనం దగ్గరే మొదలుపెట్టండి

వేరుశనగ వేసేవాళ్లు నిజానికి అన్నిటికన్నా ముందు చదవాల్సింది ఇదే. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో కాండం కుళ్లు వైరస్ తెగులు వచ్చింది. రెండు లక్షల పైచిలుకు హెక్టార్లలో పైరు మాడిపోయింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. టుబాకో స్ట్రీక్ అనే వైరస్ అది. గట్ల మీది వయ్యారిభామ మొక్కలో పైకి కనిపించకుండా ఉంటుంది. దాని పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకుని చేన్లోకి వస్తుంది. పురుగు ఆకును గీకిన గాయం గుండా వైరస్ లోపలికి పోతుంది. మొవ్వ మాడాక ఏ మందు కొట్టినా ఆ మొక్క తిరిగి లేవదు. పురుగుమందు వైరస్‌ను చంపదు, మోసుకొచ్చే పురుగును మాత్రమే ఆపగలదు. అదీ ముందే ఆపాలి.

ముందే ఆపడమంటే విత్తనశుద్ధి. కిలో విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ (పేరు పక్కన ఉండే అంకె మందు బలాన్ని, అక్షరాలు మందు రూపాన్ని చెబుతాయి) 2 మి.లీ. మొలక రసంతో పాటే మందు పైకి పోతుంది కాబట్టి మొదటి మూడు, నాలుగు వారాలు పురుగుకు అందిన ప్రతి గుటకలోనూ మందుంటుంది. వేరు పురుగు బెడద ఉన్న నేలల్లో క్లోరిపైరిఫాస్ 20 ఈసీ కిలోకు 6.5 మి.లీ. పట్టిస్తారు.

పట్టించే తీరులో జాగ్రత్త కావాలి. బుడ్డ గింజ మీది ఎర్ర పొర ఉల్లిపొర కన్నా సున్నితం. గట్టిగా రుద్దితే ఊడిపోతుంది, పొర ఊడిన గింజ నేలలో కుళ్లిపోతుంది. మా ఇంట్లో పాత టార్పాలిన్ మీద పది కిలోలు పోసి, మందులో కాసిన్ని నీళ్లు కలిపి చిలకరించి, ఇద్దరం చెరో వైపు పట్టుకుని ఊయల ఊపినట్టు అటూ ఇటూ దొర్లిస్తాం. చేయి పెట్టం. గింజలన్నీ ఒకే రంగులోకి వచ్చాక నీడన ఆరబెడతాం. మిగిలిన గింజలను పిల్లలు నోట్లో వేసుకోకుండా అప్పుడే పక్కకు తీసేయాలి.

దీనికి తోడు చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో సజ్జో దగ్గరగా వేస్తే గాలికి కొట్టుకొచ్చే తామర పురుగులకు అదే గోడ. గట్టు మీది వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయాలి. లద్దె పురుగుకు అక్కడక్కడా ఆముదం మొక్కలు పెడితే గుడ్లన్నీ పెద్ద ఆకుల మీద కుప్పలుగా పెడుతుంది. ఆ ఆకు తుంచి నలిపితే వందల పురుగులు పోతాయి, పైసా ఖర్చు లేదు.

5. లెక్కపెట్టి కొట్టండి

చేన్లో పురుగు కనిపించగానే మందు కొట్టాలన్న రూలు లేదు. పత్తిలో ఆకుకు రెండు పచ్చదోమ పిల్లలు ఉంటే కొట్టాలి, తక్కువైతే ఆగొచ్చు. గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టేవి) పెట్టి, వరుసగా మూడు రోజులు రోజుకు బుట్టకు 8 రెక్కల పురుగులు పడితే అప్పుడు కొట్టాలి. లేదా 20 పచ్చి కాయలు కోసి చూస్తే రెండింటిలో పురుగుంటే. ఈ పురుగు గుడ్డు పగిలిన కొద్దిసేపటికే కాయలోకి దూరిపోతుంది, దూరిన రంధ్రం కూడా పూడుకుపోతుంది. ఆ తర్వాత ఏ దారి మందూ దానికి అందదు. కాబట్టి ఇక్కడ మందు కన్నా రోజు ముఖ్యం.

6. కొలత, నీళ్లు

మూతతో కొలవద్దు. ఒక్కో డబ్బా మూత ఒక్కో సైజు. మెడికల్ షాపులో 10 మి.లీ. సిరంజి కొని, సూది పారేసి, మందుల కోసమే విడిగా పెట్టుకోండి. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ లీటరుకు 0.3 మి.లీ. అంటే 16 లీటర్ల ట్యాంకుకు 4.8 మి.లీ., మూతతో ఇది కుదిరే పని కాదు. క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ కూడా లీటరుకు 0.3 మి.లీ. ఎమామెక్టిన్ 5 ఎస్‌జీ 0.4 గ్రా., ఎసిఫేట్ 75 ఎస్‌పీ 1.5 గ్రా. ఎదిగిన పైరుకు ఎకరాకు 200 లీటర్లు, అంటే పన్నెండు పదమూడు ట్యాంకులు. ఎనిమిది ట్యాంకులతో ముగిస్తే మందు ఆదా అయినట్టు కాదు, మూడో వంతు చేను మిగిలిపోయినట్టు. మీ డబ్బా మీద మీ పంట పేరు ఉందో లేదో, మోతాదు ఎంత రాశారో చూడండి. ఇక్కడ రాసిన అంకెలకూ దానికీ తేడా ఉంటే డబ్బా మాటే వినండి.

మన బోరు నీళ్లు చాలాచోట్ల చవుడు నీళ్లు. క్షార గుణం ఎక్కువున్న నీళ్లలో క్లోరిపైరిఫాస్ లాంటి మందులు గంటల కొద్దీ ఉంటే విరిగిపోయి బలం తగ్గుతాయి. కలిపిన వెంటనే కొట్టేయండి, సాయంత్రం కలిపి పొద్దునకు దాచొద్దు. కుంట నీళ్లు వాడితే గుడ్డలో వడగట్టండి, బురద మందును పట్టేసుకుంటుంది.

నాలుగు మందులు కలిపి కొట్టే అలవాటు మన దగ్గర ముదిరింది. తప్పనిసరైతే ముందు గాజు సీసాలో కొద్దిగా కలిపి అరగంట చూడండి. విరిగిన పాలలా తరకలు కట్టినా, అడుగున గడ్డలు దిగినా పంపులో పోయొద్దు.

7. కొట్టేటప్పుడు

డబ్బా మీది త్రికోణం రంగు చూడండి. ఎరుపు అతి విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంది కదా అని చేతులతో కలిపేయకూడదు, అది కూడా మందే. గాలికి ఎదురుగా నడవొద్దు. నాజిల్ అడ్డుపడితే నోటితో ఊదొద్దు, ఈనె పుల్లతో తీయండి. చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. ఎండకు చెమట పడితే చర్మం ద్వారా మందు ఇంకా తొందరగా లోపలికి పోతుంది. పత్తి నిలువెత్తు ఎదిగాక ఆకులు రాసుకుని చొక్కా తడిసిపోతుంది, ఆ చొక్కాతోనే అన్నానికి కూర్చోవద్దు.

నోట్లో ఎంగిలి ఊరడం, చెమటలు, కంటి నల్లగుడ్డు చుక్కలా చిన్నదవడం, ఊపిరి బిగపట్టినట్టు ఉండడం కనిపిస్తే 108కి ఫోన్ చేసి, ఆ డబ్బా వెంట తీసుకెళ్లండి. క్లోరిపైరిఫాస్ కుటుంబానికి అట్రోపిన్ విరుగుడు ఉంది. ఏ మందో డాక్టరుకు తెలిస్తే సమయం కలిసొస్తుంది.

పొద్దుతిరుగుడు విత్తనం పంట, గుమ్మడి, దోస పూతలో ఉన్న చేల దగ్గర సాయంత్రం తేనెటీగలు వెళ్లాకే కొట్టాలి. కూరగాయల్లో డబ్బా మీద రాసిన కోత విరామం పూర్తి కాకుండా కాయ కోయొద్దు. పత్తికొండ టమాటా అయినా, మన ఇంటి కూర అయినా లెక్క ఒకటే.

కొన్ని పాత మందుల పేర్లు ఊళ్లో ఇంకా వినిపిస్తాయి. ఎండోసల్ఫాన్ 2011లో ఆగిపోయింది. ఫోరేట్, ట్రైజోఫాస్, డైక్లోర్వాస్ 2020 చివరితో నిషేధం. మోనోక్రోటోఫాస్ 36 ఎస్‌ఎల్, డైకోఫాల్ ఆపుతూ 2023లో ఉత్తర్వు వచ్చింది. ఎవరైనా "పాత స్టాకుందప్పా" అంటే వద్దనండి.

8. మందు కుటుంబం మార్చండి

1987లో గుంటూరు, ప్రకాశం పత్తి రైతులకు ఈ పాఠం చాలా ఖరీదుగా వచ్చింది. సైపర్‌మెత్రిన్ కుటుంబాన్నే మళ్లీ మళ్లీ కొట్టడంతో శనగపచ్చ పురుగు దానికి అలవాటుపడిపోయింది, ఎంత కొట్టినా చావలేదు. ఇప్పుడు మనం అదే తప్పు ఎకరాకో రకంగా చేస్తున్నాం. ఇమిడాక్లోప్రిడ్ తర్వాత థయామిథాక్సామ్ కొట్టడం మార్చినట్టు కాదు, అన్న తర్వాత తమ్ముడిని పిలిచినట్టు. విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ పట్టించి ఉంటే మొదటి పిచికారీకి ఫ్లోనికామిడ్‌కో వేపకో పోవాలి.

తొందరపడి మొదట్లోనే సైపర్‌మెత్రిన్ కలిపిన జంట మందులు కొడితే ఇంకో కష్టం. అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, సాలీళ్లు ముందు పోతాయి. వాటి తిండి అయిన తెల్లదోమ పదిహేను రోజుల్లో రెట్టింపై తిరిగొస్తుంది. తెల్లదోమ ఉన్న చేన్లో ఈ కుటుంబం జోలికే పోకపోవడం మేలు.

సందేహం ఉంటే ఊళ్లోని రైతు సేవా కేంద్రానికి ఆకుతో సహా పురుగును సీసాలో పట్టుకెళ్లండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

9. మర్నాడు ఏం చూడాలి

పోయినేడు శనగ చేన్లో క్లోరాంట్రానిలిప్రోల్ కొట్టాం. పొద్దున్నే నాన్న చేనికి పోయి ఫోన్ చేశాడు. "పురుగులు బతికే ఉండాయి రా, ఇంకో డబ్బా తీసుకురా." నేను డబ్బాతోనే పోయాను. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని చూశాం. పురుగులు ఉన్నాయి, నిజమే. వేలితో తాకితే ఒళ్లు ముడుచుకుని కదిలాయి, కానీ ఏ ఒక్కటీ కొరకడం లేదు. ఆకుల మీద, కాయల కింద తడి పెంట గుళికలు ఎక్కడా లేవు, ఉన్నవన్నీ నిన్నటివి, ఎండి గట్టిపడ్డాయి. కొరికిన అంచులు కూడా గోధుమ రంగుకు తిరిగాయి, కొత్తగా కొరికిన పచ్చి అంచు ఒక్కటీ కనిపించలేదు. నాన్న ఒక కొమ్మను తిప్పి తిప్పి చూసి, "తిండైతే మానేసినాయి" అన్నాడు. మూడో రోజుకు సాళ్లలో రాలిపడ్డాయి. సీలు తీయని ఆ రెండో డబ్బాను ఆదోని పోయినప్పుడు అంగడిలో తిరిగిచ్చేశాను.